పదహారు మూరలు

మన ఊళ్లలో పిల్లలకు ఇంజినీరింగ్ మీద ఆశ పుట్టించాలని ఎవరూ కొత్తగా తంటాలు పడనక్కర్లేదు. ఆ పని ఎప్పుడో అయిపోయింది. పత్తి ఏరడానికి పోయే తల్లిని ఆపి అడిగినా కొడుకు ఇంజినీరు కావాలనే అంటుంది. ఈమధ్య బిడ్డ గురించి కూడా అదే మాట అంటోంది, సంతోషం. మండల కేంద్రంలో ర్యాంకుల ఫ్లెక్సీ లేని కరెంటు స్తంభం వెతికితే గాని దొరకదు. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక మా నల్లగొండ పల్లెల్లో వాడకొక బీటెక్ తేలాడు. అయినా బోరు మోటరు కాలిపోయిన రోజున, ఎలక్ట్రికల్ బ్రాంచిలో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నవాడి ఇంట్లోవాళ్లు కూడా దాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని వైండింగ్ షాపుకే పోతారు. అక్కడ పదో తరగతి తప్పిన కుర్రాడు కాలిన తీగ కత్తిరించి పారేస్తాడు, గేజు చూస్తాడు, చుట్లు లెక్కపెట్టుకుంటాడు, వార్నిష్ పోస్తాడు, మోటరును మళ్లీ తిప్పి చూపిస్తాడు. వాణ్ణి మాత్రం ఎవరూ ఇంజినీరు అనరు.

వెక్కిరించడానికి చెప్పడం లేదు. నేనూ కరెంటు శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైనవాణ్ణే. మోటరు సిద్ధాంతమంతా చదివాను, పరీక్షలు రాశాను. మోటరు పొట్ట విప్పి చూపించినవాడు మాత్రం కాలేజీలో దొరకలేదు, మొదటి పోస్టింగులో లైన్‌మన్ రూపంలో దొరికాడు. రిటైరయ్యాక చుట్టుపక్కల హైస్కూళ్లకు పోయి వస్తున్నాను. పిలిస్తే పోతాను, పిలవకపోయినా పోతాను. తిరగగా తిరగగా నాకొకటి తెలిసింది. పల్లె పిల్లల దగ్గర ఉత్సాహానికి లోటు లేదు. వాళ్ల కళ్లముందున్న వస్తువు గురించి వాళ్లడిగిన ప్రశ్నను పట్టుకుని, దాని వెంట చివరిదాకా నడిచే పెద్దమనిషికే లోటు.

ఫిబ్రవరి 28 వచ్చిందంటే బడుల్లో సైన్సు దినోత్సవం. 1928లో ఆ రోజునే సి.వి. రామన్ తన పేరు నిలిచిపోయిన కాంతి ప్రభావాన్ని ప్రకటించాడు. 1987 నుంచి దేశమంతా జరుపుకుంటున్నాం. రామన్ చిన్నతనం విశాఖపట్నంలో గడిచిందనీ, మెట్రిక్యులేషన్ అక్కడే ప్యాసయ్యాడనీ చెబితే పిల్లలు కాస్త నిటారుగా కూర్చుంటారు. ఆ తరవాత మామూలే. సర్పంచి, ఎంఈవో, దాతలు, శాలువాలు. మీలోంచి ఒక రామన్ రావాలి, ఒక కలాం రావాలి అని మైకులో దీవెనలు. పిల్లల చూపులు మధ్యాహ్న భోజనం గిన్నెల వైపు. చివర్లో ఎవరో ఒకరు ‘ప్రశ్నలేమైనా ఉంటే అడగండి’ అంటారు. ఎవరూ అడగరు. అడగరని తెలిసే అంటారు. ఉపన్యాసం విని శాస్త్రవేత్త అయినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. నేనిచ్చిన ఉపన్యాసాలు కూడా ఆ లెక్కలోవే.

అలాంటి ఒక సభ ముగిసి కుర్చీలు లోపల పెడుతుండగా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె దగ్గరికొచ్చింది. నేను కరెంటాయన్నని ఎవరో చెప్పారట.

“సార్, మా తాత బాయిల మోటరును సగం లోతుల గద్దె మీద పెట్టిన్రు. వానకాలం నీళ్లెక్కితే మునుగుతదని తాళ్లు కట్టి పైకి గుంజాలె. ఒడ్డు మీదనే పెడితే ఈ బాధ లేకపోవు గద?”

ఎంత మంచి ప్రశ్న అడిగిందో ఆ పిల్లకు తెలియదు. జవాబు రెండు మాటల్లో చెప్పొచ్చు: వాతావరణ పీడనం. ఆ రెండు మాటలూ ఆమె పుస్తకంలో ఉన్నవే, కింద పెన్సిలుతో గీత కూడా గీసుకునే ఉంటుంది. అందుకే చెప్పలేదు. “ఎంత లోతుకు దించాలో మీ తాతకు ఎట్ల తెలిసిందో ముందు ఆయన్నే అడుగు బిడ్డా” అన్నాను.

మళ్లీ ఆ బడికి పోయేసరికి జవాబు తెచ్చి పెట్టుకుంది. “నీళ్లకూ మోటరుకూ నడుమ పదహారు మూరలు దాటితే సరిగ గుంజదంట సార్. ఇంకా పైకి పోతే సచ్చినా గుంజదంట.”

మూరంటే అడుగున్నర. పదహారు మూరలంటే 24 అడుగులు. పంపులు అమ్మేవాళ్ల కాగితాలు చూసినా, మా శాఖ చేతిపుస్తకాలు చూసినా, ఒడ్డున పెట్టే పంపు నీటిమట్టానికి ఇరవై, ఇరవై అయిదు అడుగులకు మించి ఎత్తులో ఉండకూడదనే రాసి ఉంటుంది. బడి మెట్లెక్కని తాత ఆ అంకెను మూరల్లో పట్టుకున్నాడు. పదహారే ఎందుకని ఆయన్ను జన్మలో ఎవరూ అడిగినట్టు లేరు.

ఇటలీలో మాత్రం అడిగారు. 1638లో అచ్చయిన తన పుస్తకంలో గెలీలియో ఇదే గొడవ రాశాడు. పంపులు బాగుచేసేవాడొకడు చెప్పాడట, ఎంత మంచి పంపయినా పద్దెనిమిది మూరలకు మించి ఒక్క వెంట్రుకవాసి కూడా నీళ్లు లేపదని. అక్కడి మూర మన మూరకంటే పొడవు, లెక్కగడితే 34 అడుగులు వస్తుంది. గెలీలియో అంతటివాడు దీనికి చెప్పిన కారణం సరిపోలేదు. పొడవాటి తాడు తన బరువుకు తానే తెగినట్టు నీటి స్తంభమూ తెగుతుందనుకున్నాడు. ఆయన చివరి రోజుల్లో దగ్గరుండి పనిచేసిన టారిచెల్లి ఆలోచనను తిరగేశాడు. పంపు నీటిని గుంజడమే లేదు పొమ్మన్నాడు. పంపు చేసేదల్లా పైపులోని గాలిని తీసెయ్యడం. బావిలో నీటి మీద కూర్చున్న గాలి బరువు నీటిని పైపులోకి తోస్తుంది. గాలికి ఎంత బలముంటే నీళ్లు అంతే లేస్తాయి, ఆపైన ఎంత పెద్ద మోటరు పెట్టినా ఒకటే. 1643-44 నాటికి ఆయన నీటికి బదులు దానికంటే 13.6 రెట్లు బరువైన పాదరసం తీసుకున్నాడు. 34 అడుగుల స్తంభం 76 సెంటీమీటర్లకు దిగొచ్చి బల్ల మీద నిలబడింది. మన పిల్లలు బట్టీపట్టే భారమితి అదే. అది బావి దగ్గర పుట్టిందన్న సంగతి పాఠంలో ఉండదు.

ఇది చెప్పి ఊరుకుంటే ఇంకో ఉపన్యాసమే అయ్యేది. కొలుద్దామన్నాను. మేస్త్రీలు గోడ మట్టం చూసుకునే పారదర్శకమైన పైపు ఉంటుంది కదా, అందులోనే మందపాటి రకం తెప్పించాం. ఎర్రసిరా కలిపిన నీళ్లు గాలి బుడగ లేకుండా నింపి, ఒక కొసకు బిరడా కొట్టి క్లిప్పు బిగించాం, రెండో కొసను బకెట్లో ముంచాం. ఊరి మంచినీళ్ల ట్యాంకు యాభై అడుగుల పైమాటే. సర్పంచి ఒప్పుకున్నాడు. నాతో పనిచేసిన లైన్‌మన్ నడుముకు బెల్టు కట్టుకుని నిచ్చెనెక్కాడు. పిల్లలందరినీ కిందే నిలబెట్టాం. బిరడా కొట్టిన కొసకు కట్టిన తాడును ఆయన పైనుంచి చేదుతుంటే పైపు లేస్తోంది, ఎర్రనీళ్లూ దానితోపాటే లేస్తున్నాయి. ఒకచోట పైపు లేస్తూనే ఉంది, నీళ్లు మాత్రం ఆగిపోయాయి. పైన ఖాళీ కనిపించింది. ఇంకా లాగితే ఖాళీ పెరిగింది తప్ప ఎర్ర గీత కదల్లేదు. బడి మొత్తం ఒకేసారి అరిచింది.

టేపు పెట్టి కొలిస్తే 31 అడుగుల పైచిలుకు వచ్చింది. పుస్తకంలో 34.

“తప్పొచ్చింది సార్” అన్నాడు వెనకనుంచి ఒకడు, నన్ను ఓదారుస్తున్నట్టు.

నా దృష్టిలో అసలు సైన్సు ఆ క్షణాన మొదలైంది. తక్కువైన ఆ రెండున్నర అడుగులు ఎటుపోయాయి? బిరడా దగ్గర గాలి దూరిందని ఒకడన్నాడు. టేపు వేలాడి వంగిందని ఇంకొకడు. సిరా కలపడంవల్ల నీళ్లు బరువెక్కాయని మూడోవాడు. ఏదీ తీసెయ్యదగ్గ మాట కాదు. టేపు మళ్లీ పట్టారు, బిరడా మార్చారు, సిరా లేకుండా చూశారు. అంకె పెద్దగా మారలేదు. అప్పుడు నేను ఒక్కటే అడిగాను: “టారిచెల్లి ఉన్నది సముద్రమట్టానికి పెద్దగా ఎత్తులేని ఊళ్లో. మన ఊరు సముద్రానికి ఎంత ఎత్తులో ఉంది?” ఎవరికీ తెలియదు. కాసేపటికి ఒక పిల్లవాడికి గుర్తొచ్చింది, రైల్వే స్టేషన్లో పసుపుపచ్చ బోర్డు మీద ఊరి పేరు కింద ఏదో ఎత్తు రాసి ఉంటుందని. దేశంలో ఎన్నో స్టేషన్ల బోర్డుల మీద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. రోజూ చూస్తాం, చదవం. ఆ అంకె పట్టుకుని మా ఊరి ఎత్తు దాదాపు 300 మీటర్లని తేల్చుకున్నారు. అంత ఎత్తుకొస్తే నెత్తిమీది గాలి కొంత తగ్గినట్టే, అక్కడ అడుగు పైచిలుకు పోయింది. మిగతాది ఎండ పని. 30 డిగ్రీల వేడి నీటిలోంచి లేచిన ఆవిరి పైనున్న ఖాళీలో చేరి నీటిని కిందికి నొక్కుతుంది, దానివల్ల దాదాపు అడుగున్నర. రెండూ కలిపితే లెక్క సరిపోయింది. 1648లో పాస్కల్ బావగారు పాదరసం గొట్టం పట్టుకుని కొండెక్కి, పైకి పోయినకొద్దీ పాదరసం దిగుతుందని చూసిన సంగతి అప్పుడు చెప్పాను. విని ఊరుకున్నారు. పిల్లలు సొంతంగా తేల్చుకున్నాక మహానుభావుల కథలకు పెద్దగా గిరాకీ ఉండదు.

“మరి బోరుల మూడు వందల అడుగుల నుంచి ఎట్లొస్తున్నయి సార్?” అని ఇంకొకడు. నేను నోరు తెరిచేలోగా ఆ అమ్మాయే అందుకుంది: “బోరు మోటరు నీళ్లల్లనే ఉంటది గదరా, కిందికెంచి తోస్తది.” ఆపైన ప్రశ్నలు ఆగలేదు. ట్రాక్టరు ట్యాంకులోంచి డీజిలు నోటితో గుంజి వదిలేస్తే తరవాత దానంతటదే ఎందుకు కారుతుంది? ఫేజు పోతే మోటరు ఎందుకు మూలుగుతుంది? వాళ్లు ఇంటి దగ్గర రోజూ చూసేవే. బడిలో అడగొచ్చని ఇంతకుముందు తెలియదు, అంతే. పైపు ఇంకా ఆ బడిలోనే ఉంది, మొక్కలకు నీళ్లు పెట్టుకుంటున్నారు.

పల్లె బడుల్లో ప్రయోగశాలలు లేవని ఊరికే అంటుంటాం. చాలా చోట్ల సామాను ఉంది, బీరువాలో ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పడానికి అటెండరు కావాలి. స్టాకు రిజిస్టరులో బీకరు అని రాసి ఉంటే తనిఖీ నాటికి బీకరు కనబడాలి. పగిలితే సంజాయిషీ ఇచ్చుకోవాలి. పదవీ విరమణ ముందు నోడ్యూస్ కాగితం కోసం తిరగాల్సిన మాస్టారెవరైనా పిల్లల చేతికి గాజుసామాను ఇస్తాడా? నేనాయన్ను తప్పుపట్టలేను. 2016 నుంచి కేంద్రం అటల్ టింకరింగ్ ల్యాబులని పెడుతోంది, ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు. త్రీడీ ప్రింటర్లు, సెన్సర్లు వస్తాయి. మంచి పథకం. బాగా నడుస్తున్న చోట పిల్లలు చేసేవి చూస్తే ముచ్చటేస్తుంది. నేను చూసిన ఒక బడిలో మాత్రం ప్రింటరు మీద ప్లాస్టిక్ కవరు తియ్యలేదు. పాడైతే బాగుచేసేవాడు జిల్లాలో లేడని భయం. ఇన్ని బీకర్లు ఏటా పగలొచ్చు, ఎవరూ అడగరు అని ఒక్క ఉత్తర్వు వస్తే సగం బీరువాలు తెరుచుకుంటాయని నా నమ్మకం.

ఇదంతా జరిగే పని కాదనేవాళ్లకు హోషంగాబాద్ చూపిస్తాను. 1972లో మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో పదహారు పల్లెటూరి మాధ్యమిక పాఠశాలల్లో ఒక సైన్సు బోధన పథకం మొదలుపెట్టారు. పిల్లలు గుంపులుగా కూర్చుని, చవక సామానుతో ప్రయోగం చేసి, వచ్చిన ఫలితాన్ని తామే రాసుకోవాలి. పరీక్షకు పుస్తకాలు తెచ్చుకోవచ్చు. క్రమంగా వందల బడులకు పాకింది. ఐఐటీ కాన్పూరులో చదివి ట్రక్కుల కంపెనీలో ఉద్యోగం చేస్తున్న అరవింద్ గుప్తా 1978లో సెలవు పెట్టి అక్కడికే వెళ్లి, అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో బొమ్మలు కట్టడం మొదలుపెట్టాడు. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. నాకు అన్నిటికంటే నచ్చింది సవాలీరామ్. అలాంటి మనిషి లేడు, కల్పించిన పేరు. పిల్లలు తమకు తోచిన ప్రశ్నను ఉత్తరం ముక్క మీద రాసి సవాలీరామ్‌కు పంపితే, జవాబు ఉత్తరం తిరిగి వచ్చేది. పల్లెటూరి పిల్లవాడి పేరుకు ఉత్తరం! అందులో వాడి ప్రశ్నకు జవాబు! ఆ పథకాన్ని 2002లో అక్కడి ప్రభుత్వం మూసేసింది. మంచి పని ముప్పై ఏళ్లు నడిచాక కూడా ఒక్క సంతకంతో ఆగిపోగలదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మన దగ్గరా ఏమీ లేకపోలేదు. జన విజ్ఞాన వేదికవాళ్లు ‘చెకుముకి’ పత్రిక నడుపుతున్నారు, పిల్లలకు సైన్సు పోటీలు పెడుతున్నారు. కుప్పం దగ్గర 172 ఎకరాల్లో అగస్త్య ఫౌండేషన్ ఉంది, వాళ్ల బండ్లు ప్రయోగ సామాను వేసుకుని పల్లె బడులకు పోతాయి. బండి వచ్చిన రోజు పిల్లలకు పండగ. నా గొడవల్లా బండి వెళ్లిపోయిన తెల్లారి గురించి. పిల్లవాడికి ప్రశ్న ఆ రాత్రి పడుకున్నాక పుడుతుంది. మర్నాడు అడుగుదామంటే ఊళ్లో ఎవరూ ఉండరు.

ఒకసారి ఒక తండ్రి నన్ను నిలదీశాడు. “ఇవన్నీ చేస్తే మార్కులొస్తయా సార్?” రావు. అబద్ధం చెప్పలేదు. ఆయన అడిగినదాంట్లో న్యాయముంది. 2008లో పెట్టిన బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో సీటు పదో తరగతి మార్కుల మీదే వచ్చింది. వేలమంది పల్లె పిల్లలు ఆ తలుపులోంచే బయటపడ్డారు. మార్కులు వద్దనడానికి నేనెవర్ని? సీటొచ్చాక నాలుగో ఏడు ప్రాజెక్టును అమీర్‌పేటలో కొనుక్కోకుండా ఉండటానికి మాత్రం ఈ పైపు అక్కరకొస్తుందని చెప్పాను. ఆయన నవ్వాడు గాని ఒప్పుకున్నట్టు లేడు.

కొనుక్కోవడం ఇప్పుడు హైస్కూలు నుంచే మొదలైంది. ఇన్‌స్పైర్ మానక్ కింద ఎంపికైన పిల్లల ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి, తమకు తట్టిన ఆలోచనకు నమూనా చేసుకోవడానికి. ఎగ్జిబిషన్‌కు పోయి చూడండి. కొన్ని నిజంగా పిల్లల బుర్రలోంచి వచ్చినవి ఉంటాయి, అతుకులు కనబడతాయి, సగంలో ఆగిపోతాయి. పక్కనే నిగనిగలాడే జలవిద్యుత్ కేంద్రాలు, బడి తేడా లేకుండా అన్నీ ఒకే కొలతలో. బహుమతి దేనికొస్తుందో చెప్పనక్కర్లేదు. ఇంకొకటి కూడా గమనించాను. మగపిల్లవాడు స్విచ్చి నొక్కి చూపిస్తుంటాడు, ఆడపిల్ల చార్టు పట్టుకుని ఇంగ్లీషులో వివరణ అప్పజెబుతుంటుంది. స్క్రూడ్రైవరు ఆమె చేతికి రాదు. బావి ప్రశ్న అడిగింది ఎవరో ఒకసారి గుర్తుతెచ్చుకుంటే ఇది ఎంత నష్టమో తెలుస్తుంది.

చేతిపని మీద మనకున్న చిన్నచూపు దీనికంటే పాతది. బడిలో మొదటి బెంచీ రాతగాళ్లకు, చివరి బెంచీ చేతిపనివాళ్ల పిల్లలకు. బండి చక్రానికి ఇనుప పట్టా ఎర్రగా కాల్చి తొడిగి, నీళ్లు చల్లి బిగిస్తుంటే తండ్రి పక్కన నిలబడి చూసిన కమ్మరి పిల్లవాడికి ఉష్ణవ్యాకోచం పాఠంలో అయిదులో రెండు మార్కులొస్తాయి. పట్టాను చక్రం కంటే ఎంత చిన్నగా చెయ్యాలో వాడి తండ్రికి తెలుసు, పాఠం చెప్పేవారికి తెలియదు. ఆయన్ను ఒక గంట బడికి పిలిస్తే ఏం పోయింది? తెనాలి దగ్గర యలవర్రు రైతు ఇంట్లో 1922లో పుట్టిన నాయుడమ్మ రసాయన సాంకేతికం చదివి, ఊళ్లు ముట్టుకోని తోలు పనిని తన శాస్త్రంగా ఎంచుకున్నాడు. మద్రాసు తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరై, ఆ పని మీద బతికేవాళ్ల దగ్గరికి ప్రయోగశాలను తీసుకుపోవాలని చూశాడు. ఆయన్ను తలుచుకునేటప్పుడు పదవులు చదువుతాం, ఈ ముక్క వదిలేస్తాం.

మా ఉమ్మడి జిల్లాలోనే ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం ఉన్నాడు. పోచంపల్లి చీరకు రంగులద్దేముందు దారాన్ని అర్ధచంద్రాకారంలో కొట్టిన మేకుల చుట్టూ పోయాలి, దాన్నే ఆసు పోయడమంటారు. ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరలు పోసే తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పి చూడలేక, ఆరేడు తరగతులతోనే బడి మానేసిన కొడుకు 1992లో యంత్రం మొదలుపెట్టాడు. డబ్బులైపోయాయి, ఊరు నవ్వింది. హైదరాబాదు వచ్చి కరెంటు పనులు చేసుకుంటూ, బాలానగర్లో ఒక యంత్రం కదలిక చూసి తన యంత్రానికి తక్కువైనదేమిటో పట్టుకుని 1999లో పూర్తిచేశాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2019లో సినిమా తీశారు. సభల్లో మల్లేశం పేరెత్తి ‘చదువు లేకపోయినా సాధించాడు’ అంటుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఏడేళ్లలో ఎన్ని ఆయన పక్కన కూర్చుని గేర్లు, క్యాములు నేర్పే మనిషి లేక పోయాయో ఎవరైనా లెక్కవేశారా? బడి దగ్గర ఉండాల్సిన విద్య కోసం ఆయన ఊళ్లు తిరిగాడు. దాన్ని మనం బడికి కాకుండా ఆయన పట్టుదలకు జమకట్టి చేతులు దులుపుకుంటున్నాం.

ఇంకో లెక్క కూడా మా జిల్లా పేరు మీదే ఉంది. నీటిలో ఫ్లోరైడు తగ్గించడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపే పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ 1970లలో రూపొందించి దానికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. లోకమంతా నీటి శుద్ధి పుస్తకాల్లో మా జిల్లా పేరు చదువుకుంటారు. ఫ్లోరైడు వల్ల వంగిపోయిన కాళ్లతో నడిచే పెద్దలను రోజూ చూసే మా పిల్లల్లో ఆ పద్ధతిని ఒక్కసారి గ్లాసులో చేసి చూసినవాళ్లు ఎందరు? లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్న అంకెను తమ చేతిపంపు మీద తామే పరీక్షించుకుంటే, అది పాఠంగా మిగలదు, గ్రామసభలో అడగాల్సిన మాట అవుతుంది. బహుశా అందుకే ఎవరూ చేయించడం లేదేమో.

చివరికి ఒక పని చెబుతాను, ఖర్చు లేనిది. పటం తీసి చూడండి. పైన ఆదిలాబాద్, కింద కుప్పం. రెండూ తూర్పు రేఖాంశం 78 దాటి అర డిగ్రీ దగ్గర్లోనే, దాదాపు ఒకే నిలువు గీత మీద ఉన్నాయి. నడుమ హైదరాబాదూ అక్కడక్కడే. ఉత్తర దక్షిణాలుగా ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 765 కిలోమీటర్లు. ఇరవై రెండు వందల ఏళ్ల కిందట ఎరటోస్తనీస్ ఈజిప్టులో రెండు ఊళ్ల నీడలు పోల్చి భూమి చుట్టుకొలత కట్టాడు. అలాంటి రెండు ఊళ్లు మనకు వరంలా దొరికాయి. నీడ అసలే లేని రోజు కూడా మనకు ఏడాదికి రెండుసార్లు వస్తుంది గాని, హైదరాబాదుకు అది మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి. మొదటిదానికి సెలవులు, రెండోదానికి మబ్బులు. అందుకని మార్చి 21 ఎంచుకోండి. ఒంటిపూట బడులుంటాయి, ఎండ బాగా కాస్తుంది. ఈ గీత మీది ఊళ్లలో ఆ రోజు సూర్యుడు నడిమింటికి వచ్చేది 12 గంటల 23 నిమిషాల ప్రాంతంలో, అంటే ఇంటిగంట కొట్టడానికి కాస్త ముందు.

మీటరు పొడవు కర్రను నిట్టనిలువుగా పాతండి. మట్టం గుండు వేలాడదీసి నిలువు సరిచూడండి. 12:10 నుంచి రెండేసి నిమిషాలకు నీడ కొన దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టించండి, అన్నిటికంటే పొట్టి నీడను కొలవండి. కుప్పంలో 22, 23 సెంటీమీటర్ల మధ్య వస్తుంది, ఆదిలాబాద్‌లో 36కు కొంచెం తక్కువ. ఆ కొలతలతో కాగితం మీద త్రిభుజం గీసి, జామెట్రీ పెట్టెలోని కోణమానినితో కర్ర కొన దగ్గరి కోణం చూస్తే రెండు ఊళ్లకూ తేడా ఏడు డిగ్రీలకు కాస్త తక్కువగా ఉంటుంది. 360లో అది ఎన్నోవంతో కట్టి, 765ను అన్ని రెట్లు చేస్తే భూమి చుట్టుకొలత. నలభై వేలకు దగ్గరగా రావాలి. రాకపోతే ఇంకా మంచిది, పిల్లలకు పని దొరుకుతుంది.

ఆదిలాబాద్, కుప్పం సైన్సు మాస్టార్లు, టీచరమ్మలు ఒకరి ఫోను నంబరు ఒకరు సంపాదించుకోండి. నడుమ ఊళ్లవాళ్లూ చేరండి, ఎంతమంది చేరితే లెక్క అంత గట్టిపడుతుంది. హైదరాబాదులో, అమెరికాలో ఇంజినీర్లయి, సంక్రాంతికి వచ్చి తాము చదివిన బడికి ప్రొజెక్టరు ఇచ్చి ఫొటో దిగి పోయేవాళ్లకు ఒక్క మనవి: ఈసారి ప్రొజెక్టరు వద్దు, మార్చి 21కి సెలవు పెట్టండి. పిల్లలతోపాటు ఎండలో నిలబడి నీడ కొలవండి. మళ్లీ జూన్‌లో బడులు తెరిచాక, ఆ నీడ గురించి వాళ్లకు కొత్తగా పుట్టిన ప్రశ్నలు వినడానికి ఇంకోసారి రండి.